మొదట మన ఫీడరే

షాంటిలీ, వర్జీనియా
అక్టోబరు 5

ఒరేయ్ గోపీ,

నీ ఉత్తరం చదివాను. కాగితం మీద రాసి, ఫోన్‌తో ఫొటోలు తీసి పంపడం నీకే చెల్లింది! రెండో పేజీలో సగం నీ బొటనవేలే ఉంది. పోనీలే, ఆ వేలు అడ్డొచ్చిన చోట కూడా మీ ప్రభుత్వం మీద తిట్లే ఉండుంటాయి కాబట్టి నాకేమీ నష్టం రాలేదు. ఆఖర్న మాత్రం "లీలా నేనూ బాగున్నాం" అని ఒక్క ముక్క గీకి వదిలేశావు.

నిన్ను తప్పు పట్టడానికీ లేదులే. రెండేళ్ళ కిందట నువ్వు బొగ్గంటే నేను సోలారని ఫోన్‌లో గొంతులు చించుకుని, నాలుగు నెలలు మాటలు మానేసినప్పుడు మనిద్దరి చేతా లీల వేయించిన ఒట్టు అదే కదా! ఆదివారం ఫోన్‌లో ఆరోగ్యం, వంటలు, పిల్లల కబుర్లు. ప్రభుత్వాలూ కరెంటూ పెట్రోలూ ఉత్తరాల్లో మాత్రమే. అరవై దాటిన అక్కాతమ్ముళ్ళ చేత ఒట్టు వేయించిన మహాతల్లి నీ భార్య. నా మరదలని చెప్పడం కాదు గానీ, ఆ పిల్ల లేకపోతే మనం ఈపాటికి ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళం కాదు.

ఒకటి మాత్రం ఒప్పుకుంటున్నాను. ముప్ఫై ఏళ్ళు నువ్వు నడిపిన కరెంటు ప్లాంటు చిమ్నీలను నీ కళ్ళముందే పేల్చేస్తే ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఆ వీడియో పంపినప్పుడు నేను "మంచి పని" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

ఇక్కడ మాకూ సెగ తగులుతోంది. మా ఇళ్ళ వెనక రోడ్డు దాటితే ఇంకో డేటా సెంటర్ లేచింది. కిటికీలు లేని పెద్ద గోడౌన్‌లా ఉంటుంది, పొద్దస్తమానం గుయ్యిమని ఒకటే మోత. దానికి కరెంటు చాలదట, మా వీధి వెనకాల హై టెన్షన్ లైన్ వేస్తారట. మా బిల్లులేమో పెరుగుతూనే ఉన్నాయి. మీ బావ లైట్లు ఆర్పుకుంటూ ఇల్లంతా తిరుగుతున్నారు. మా పిల్ల సంహిత అలాంటి కంపెనీలోనే పని చేస్తోంది కాబట్టి ఇంట్లో నోరెత్తడానికి లేదు. వచ్చే నెల ఆ లైను మీద కౌంటీ ప్రభుత్వం హియరింగ్ ఉంది, జనం మాట వింటారట. వెళ్ళాలా వద్దా అని చూస్తున్నాను.

డయాలిసిస్ సంగతి వివరంగా రాయి. ఫోన్‌లో "బాగా జరుగుతోంది" తప్ప నీ నోట్లోంచి ఇంకో మాట రాదు. నేను పిల్లల డాక్టర్నే కావచ్చు, కిడ్నీల గురించి బొత్తిగా తెలియనిదాన్నేం కాదు.

అక్క

*

కురాంగ్ క్రీక్, ఆస్ట్రేలియా
అక్టోబరు 21

అక్కా,

నీకు నవ్వులాటగా ఉంది గానీ ఇక్కడ మాకు ఒళ్ళు మండిపోతోంది.

ఊరి మధ్య నాలుగు రోడ్ల కూడలిలో నిక్షేపంలాంటి రౌండబౌట్ ఉండేది. దాన్ని పగలగొట్టి మళ్ళీ అచ్చం అలాంటి రౌండబౌటే కట్టారు. పక్కన ఇంటి గోడంత బోర్డు, "మీ ఊరి కోసం" అని. ఎవడడిగాడు? కరెంటు బిల్లులో రాయితీ అంటూ మా పన్నుల్లోంచే కాస్త మా చేతిలో పెట్టి, దానికో రంగురంగుల కాగితం. పెట్రోలు బంకులో పొద్దున ఉన్న ధర సాయంత్రానికి ఉండటం లేదు. పాలవాళ్ళు పాలు తోలడానికి ఏడుస్తున్నారు. ఎవర్ని అడిగినా ప్రపంచ మార్కెట్ అంటాడు. రౌండబౌట్ కూడా ప్రపంచ మార్కెట్టే కట్టిందా?

గాలిమరలు వద్దని నేనెప్పుడన్నాను, చెప్పు. ముందు కొత్తది నిలబెట్టి తర్వాత పాతది పడగొట్టండన్నాను. కంట్రోల్ రూములో రెండో పంపు సరిగ్గా తిరుగుతోందని చూసుకున్నాకే మొదటిది ఆపేవాళ్ళం. అందులో పార్టీ ఏముంది, పాలసీ ఏముంది? అది ఇంగితం.

డయాలిసిస్ సంగతి అడిగావు. విను మరి. నన్ను తీసుకెళ్ళడానికి ప్రభుత్వం పంపే తెల్లకారు ఆగిపోయింది. మా ఊళ్ళో సోమ, బుధ, శుక్రవారాలు సిటీ ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళం నలుగురం. మా అందరికీ ఆ ఒక్క కారే. పోను గంటన్నర, రాను గంటన్నర. మొన్న సోమవారం రాలేదు. ఫోన్ చేస్తే, పెట్రోలు ఖర్చు పెరిగినందువల్ల సర్వీసు సమీక్షలో ఉందన్నారు. సమీక్షకు కన్సల్టెంట్లను పెట్టారట. వాళ్ళు ముగ్గురు, మూడు కార్లలో వచ్చారు! మూడు కార్లలో వచ్చి, ఒక కారు ఉండాలా వద్దా అని మమ్మల్ని అడిగారు.

మొన్న టౌన్‌హాల్లో మీటింగ్ పెడితే జనం గుమ్మం బయట దాకా నిలబడ్డారు. నేనూ లేచి మాట్లాడాను. ప్రభుత్వం తరఫున వచ్చినాయన తల ఊపి, "మీ ఆవేదన నాకు వినిపిస్తోంది" అన్నాడు. ఆవేదన వినిపిస్తే ఏం లాభం, కారు కనిపించాలి గానీ!

ప్రస్తుతం లీలే తీసుకెళ్తోంది. ఓల్డేజ్ హోమ్‌లో నైట్ డ్యూటీ చేసొచ్చి, స్నానం చేసి, కాఫీ తాగి స్టీరింగ్ పట్టుకుంటోంది. అక్కడ నాలుగైదు గంటలు కూర్చుని మళ్ళీ వెనక్కి. నేను నడుపుదామంటే డయాలిసిస్ అయ్యాక నాకు కళ్ళు తిరుగుతాయి. నేను పక్క సీట్లో కూర్చుని రేడియోలో మంత్రులను తిడతాను.

హియరింగ్‌కి వెళ్ళు. సంహిత ఏదో అంటుందని ఊరుకోకు.

గోపి

*

షాంటిలీ, వర్జీనియా
నవంబరు 16

గోపీ,

వెళ్ళాను! మాట్లాడాను కూడా!

హాలు నిండా మనవాళ్ళే. మా కమ్యూనిటీలో ఎప్పుడూ నోరు విప్పని సాఫ్ట్‌వేర్ పిల్లలు కూడా ప్లకార్డులు పట్టుకొచ్చారు. పేరు పిలిచి మైకు ముందుకు రమ్మన్నారు. రాసుకెళ్ళిన అంకెలన్నీ ఎగిరిపోయాయి. అప్పుడు ఏం గుర్తొచ్చిందో తెలుసా? నాన్నగారు.

ఇంగ్లీషులో చెప్పాను గానీ నీకు తెలుగులోనే రాస్తాను. "మా నాన్నగారు ఇండియాలో ఒక చిన్న ఊళ్ళో సబ్‌స్టేషన్ ఆపరేటర్. ఎండాకాలం సాయంత్రాలు పై ఆఫీసు నుంచి ఫోన్ వచ్చేది, లోడ్ తగ్గించమని. ఊళ్ళో కొన్ని వీధులకు ఒక లైను, మరికొన్నింటికి ఇంకో లైను. ఫీడర్లనేవాళ్ళు. ఏ ఫీడర్ ఆపాలన్నది ఆయన ఇష్టం. ఆయన ప్రతిసారీ ముందు మేముండే క్వార్టర్స్ ఫీడరే ఆపేవారు. పక్కింటి ఇంజనీరుగారి భార్య మా గుమ్మంలోకొచ్చి కేకలేసేది. ఆయన మాత్రం, మన ఇంట్లో ఫ్యాను ఆపకుండా ఊళ్ళోవాళ్ళ ఫ్యాను ఆపడానికి నాకు చెయ్యి రాదమ్మా అనేవారు. ఈ లైను మా ఇళ్ళ వెనకాల వేద్దామంటున్న వాళ్ళను ఒక్కటే అడుగుతున్నాను. మీలో ఎవరింటి ఫ్యాను ముందు ఆగుతుంది?"

గోపీ, హాలంతా లేచి చప్పట్లు కొట్టింది రా. నాకు ఏడుపొచ్చింది. మనం లాంతరు పెట్టుకుని లెక్కలు చేసుకున్న ఆ సాయంత్రాలు, నాన్నగారు చెమటతో వచ్చి మనిద్దరికీ విసనకర్రతో విసరడం, అంతా కళ్ళముందు తిరిగింది. అప్పుడు విసుక్కునేవాళ్ళం. ఇప్పుడు చూడు, అంత గర్వంగా చెప్పుకోవడానికి నా దగ్గర అంతకన్నా ఏమీ లేదు.

సంహిత ఆ వీడియో చూసి, "అమ్మా, నువ్వు నా శాలరీకి ఎగైన్‌స్ట్‌గా స్పీచ్ ఇచ్చావు తెలుసా?" అని రెండు రోజులు ముఖం మాడ్చుకుంది. తర్వాత "తాతయ్య స్టోరీ నాకెప్పుడూ ఎందుకు చెప్పలేదు?" అంది.

నువ్వు బొగ్గువాడివి, నేను సోలార్‌దాన్ని. ఇద్దరం ఆ ఆపరేటర్ పిల్లలమే కదరా!

లీలను జాగ్రత్తగా డ్రైవ్ చేయమను.

అక్క

*

కురాంగ్ క్రీక్
డిసెంబరు 9

అక్కా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. లీల కూడా అడిగింది, ఏమిటంత మురిసిపోతున్నావని. అక్కాతమ్ముళ్ళ కరెంటు గొడవలు తనకెందుకని అది మన ఉత్తరాలు చదవదు కదా, అందుకని నోటితోనే చెప్పాను. "మామయ్యగారు అలాంటివారే" అని ఊరుకుంది.

మొన్న మేం పెద్ద గండం నుంచి బయటపడ్డాం. ఇది ఫోన్‌లో చెప్పలేదు, లీల చెప్పొద్దంది. ఆసుపత్రి నుంచి వస్తుంటే దానికి కునుకు పట్టింది. ఎదురుగా కంగారూ దూకితే నేను అరిచాను. అది ఉలిక్కిపడి స్టీరింగ్ తిప్పింది. కారు రోడ్డు దిగి కంచె దాకా వెళ్ళి ఆగింది. ఇద్దరికీ ఏమీ కాలేదు. కారు ఆపి అది స్టీరింగ్ మీద తల పెట్టేసింది. నేను పక్కన ఊరికే కూర్చున్నాను. ఏం చేయగలను? దాన్ని ఆ రోడ్డెక్కిస్తున్నది నేనే కదా.

ఆ రోజు నుంచి నాన్నగారే గుర్తొస్తున్నారు. ఇన్నాళ్ళూ వాడు ఖర్చు తగ్గించాలి, వీడు తగ్గించాలి అని మీటింగుల్లో అరిచానే గానీ, నా ఇంట్లో లోడ్ నేను తగ్గించానా? మొదట మన ఫీడరే కదా. కాబట్టి నేనూ మొదలుపెట్టాను. పెద్ద విషయమేం కాదులే. లీల కాస్త నిద్రపోతోంది, పెట్రోలూ కలిసొస్తోంది.

బుధవారాలు మా పక్కింటి ట్రెవర్ నన్ను ఆసుపత్రికి తీసుకెళ్తున్నాడు. వాడికి ఎలాగూ అటువైపు పనుంటుందట. లీల బుధవారం పగటి డ్యూటీకి మారింది. ముఖంలో కాస్త కళ వచ్చింది.

కన్సల్టెంట్ల రిపోర్టు వచ్చింది. అట్ట మీద ఒక ముసలావిడ నవ్వుతూ ఉంది. మా ఊరి మనిషి కాదు. రవాణా అవసరాలపై మరింత లోతైన అధ్యయనం కావాలని తేల్చారు.

గోపి

*

షాంటిలీ, వర్జీనియా
జనవరి 11

గోపీ,

ఆ కంగారూ సంగతి రెండుసార్లు చదివాను. ఫోన్‌లో చెప్పకపోవడమేమిటి? లీలను తిట్టాలనుకున్నాను గానీ తిట్టలేదు. ఆ ట్రెవర్ అనే పుణ్యాత్ముడికి నా తరఫున దణ్ణం పెట్టు. ఈసారి లీల చేత వాళ్ళింటికి అరిసెలు పంపించు.

మా దగ్గర మంచి కబురు. లైను విషయం కౌంటీ వాయిదా వేసింది! గెలిచామని కాదు, వాయిదా. అయినా మా వాళ్ళు ఇండియన్ గ్రోసరీ పక్కనున్న హోటల్లో బిర్యానీ పార్టీ చేసుకున్నారు. నన్ను ఫ్యాన్ ఆంటీ అంటున్నారు, చూడు! నాన్నగారి కథ ఎవరో కార్డుల మీద అచ్చు వేయించారు. వచ్చే హియరింగ్‌కి నా చేతే మొదలుపెట్టిస్తారట.

ఇక్కడ మంచు పడుతోంది. చలికి హీటర్ ఆపలేం, బిల్లు చూడలేం. మీ బావ స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని థర్మోస్టాట్‌తో యుద్ధం చేస్తున్నారు. నాన్నగారి అల్లుడనిపించుకున్నారు.

నువ్వూ ఇంట్లో లోడ్ తగ్గించానన్నావు, ఏం తగ్గించావో మాత్రం చెప్పనే లేదు. మీకిప్పుడు మండే ఎండలు కదా, ఏసీ ఆపేశావా? ఏమైతేనేం, భేష్! చెప్పినది చేసే మనిషివి నువ్వు. నాన్నగారి కొడుకువనిపించావు.

ఫోన్‌లో నీ గొంతు కాస్త బొంగురుగా ఉంది. జలుబా?

అక్క

*

కురాంగ్ క్రీక్
జనవరి 29

అక్కా,

చెయ్యి సరిగ్గా రావడం లేదు. గీతల్లేని కాగితం, అక్షరాలు కిందకి జారుతున్నాయి. ఏమనుకోకు.

నన్ను నాన్నగారి కొడుకువన్నావు. అది చాలు నాకు.

ఇక్కడ ఎండలు విపరీతం. చెప్పులు బిగుతైపోయి లీల పాత స్లిప్పర్లు ఈడ్చుకుంటూ తిరుగుతున్నా. అన్నం నోట్లో పెడితే ఇనుములా ఉంటోంది. ఒళ్ళంతా ఒకటే దురద. ఉక్కపోతకేనేమో. పడుకుంటే ఆయాసంగా ఉంటోందని హాల్లో రిక్లైనర్లోనే కునుకు తీస్తున్నా. లీలకి టీవీ చూస్తూ నిద్రపోయానని చెప్తున్నా.

మీటింగులకు వెళ్ళడం తగ్గించా. అరిచే ఓపిక లేదు. మొన్న బుధవారం మధ్యాహ్నం పెరట్లో మునగచెట్టుకి నీళ్ళు పోస్తుంటే డయాలిసిస్‌కి వెళ్ళే మా నలుగురిలో ఒకాయన ఫోన్ చేశాడు. కారు సంగతి మళ్ళీ సమీక్షలో పెట్టారట. నవ్వొచ్చింది.

మునగచెట్టు పూతకొచ్చింది. ఇంత ఎండలో కూడా.

గోపి

*

షాంటిలీ, వర్జీనియా
జనవరి 29

గోపీ,

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. నీకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మళ్ళీ చేశాను. ఒట్టు తీసి గట్టున పెట్టి లీల డ్యూటీలో ఉండగా దానికి చేశాను. "బుధవారం మధ్యాహ్నం వాడు పెరట్లో ఏం చేస్తున్నాడే?" అని అడిగాను. "ట్రెవర్‌తో ఆసుపత్రిలో ఉంటారు వదినా" అంది. మునగచెట్టు సంగతి చదివి వినిపించాను. ఇంటికి బయలుదేరింది. అంబులెన్స్‌కి నేను చెప్పమన్నాను. ఇక్కడ కూర్చుని నేను చేయగలిగింది ఇంకేమీ లేక ఇది రాస్తున్నాను. నువ్వు చదువుతావో లేదో తెలియదు. చదవాలి. చదివి తీరాలి.

కాళ్ళు వాచాయి. నోరు ఇనుములా ఉంది. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. ఒరేయ్, ఇది ఉక్కపోత కాదురా, ఒంట్లో నీరూ విషమూ పేరుకుపోవడం! నువ్వు ఆపేసింది ఏసీ అనుకుని నేను భేష్ అన్నాను. నువ్వు ఆపేసింది బుధవారం డయాలిసిస్. వారానికి మూడింట్లో ఒకటి తీసేశావు, అక్కడికేదో క్వార్టర్స్ ఫీడర్ తీసేసినట్టు!

నాన్నగారి కథ నేను చెప్పకపోతే నీకు ఈ ఆలోచన వచ్చేదా? మైకు ముందు నిలబడి చప్పట్లు కొట్టించుకున్నాను, దాన్ని తీసుకొచ్చి నీకు రాశాను. నాకు ఇప్పుడు నా మీద అసహ్యంగా ఉంది.

కానీ ఆ కథ నేను సగమే చెప్పాను. మిగతా సగం నీకూ తెలుసు, నువ్వు మర్చిపోయావు. సబ్‌స్టేషన్‌లో ఎర్ర పెయింటు వేసిన హ్యాండిల్ ఒకటి ఉండేది. గుర్తుందా? నువ్వు ఆడుకుంటూ దాని మీద చెయ్యి వేస్తే, ఎప్పుడూ మనల్ని చెయ్యెత్తి కొట్టని మనిషి నీ వీపు చిట్లగొట్టారు. అది ఆసుపత్రి ఫీడర్. ఊరంతా చీకటైనా దాన్ని తీసేవారు కాదు. పై ఆఫీసర్ తిట్టినా తీసేవారు కాదు. నీది ఆసుపత్రి ఫీడర్ రా గోపీ! దాని మీద చెయ్యి వేసే హక్కు నీకెవరిచ్చారు?

రెండో పంపు తిరగకుండా మొదటిది ఆపకూడదని ప్రభుత్వానికి నీతులు చెప్పినవాడివి. నువ్వు చేసిందేమిటి?

ఫోన్ మోగుతోంది. లీల.

*

కురాంగ్ క్రీక్
ఫిబ్రవరి 15

వదినగారికి,

నేను మీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. ఫోన్‌లో ఈయన పక్కనే ఉంటారు. అందుకే రాస్తున్నాను.

మీరు ఆ రోజు ఫోన్ చేయకపోతే ఈయన మనకు దక్కేవారు కాదని డాక్టరు అన్నారు. రక్తంలో పొటాషియం అంతగా పెరిగింది. నేను వెళ్ళేసరికి రిక్లైనర్లో ఉన్నారు. పిలిస్తే కళ్ళు తెరిచారు గానీ నన్ను పోల్చుకోలేదు. కొన్నాళ్ళు ఐసీయూలో ఉంచారు. ఇప్పుడు ఇంటికొచ్చారు. గుండె దెబ్బతిందట, అది మాత్రం మళ్ళీ మామూలుగా కాదట. నాలుగడుగులు వేస్తే ఆగాలి.

డయాలిసిస్ వాళ్ళు ఈయనకి ఎన్నోసార్లు ఫోన్ చేశారట. బుధవారాలు ఇంట్లో వీలు కావడం లేదని ఈయన చెప్పారట. ట్రెవర్‌ని అడిగితే అతనికి ఏ సంగతీ తెలియదు. పాపం, అడిగి ఉంటే తీసుకెళ్ళేవాణ్ణి కదా అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఈయన అసలు అడగనే లేదు వదినా. ఊరందరి తరఫునా ప్రభుత్వాన్ని అడుగుతారు. పక్కింటివాణ్ణి అడగడానికి నామోషీ.

ఆసుపత్రిలో కూర్చుని మీ ఇద్దరి ఉత్తరాలూ మొదటి నుంచీ చదివాను. ఎర్ర హ్యాండిల్ సంగతి రాసిన ఉత్తరం ఈయనకి తెలివొచ్చాక చదివి వినిపించాను. గోడ వైపు తిరిగి ఏడ్చారు. కానీ నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. మీరు ఏమనుకున్నా సరే, చెప్పేస్తాను.

మామయ్యగారు గొప్పవారే. కాదనను. కానీ ఆ కథ నేను అత్తయ్యగారి నోట కూడా విన్నాను. నాకు కొత్తగా పెళ్ళైనప్పుడు వంటింట్లో చెప్పారు. ఈయన నెలల పిల్లాడప్పుడు, వేడికి ఒళ్ళంతా పేలి గుక్కపట్టి ఏడుస్తుంటే, ఆ చీకట్లో ఒక చేత్తో పిల్లాడూ ఇంకో చేత్తో కట్టెలపొయ్యీ. పక్కింటావిడ వచ్చి తిడుతుంటే ఆ తిట్లు తినేది కూడా ఆవిడే, మామయ్యగారు సబ్‌స్టేషన్‌లో ఉండేవారు కాబట్టి. "మీ మామగారు ఊరికోసం దీపం ఆర్పేవారమ్మా, ఆర్పేముందు ఒక్కసారైనా నాకు చెప్పి ఉంటే కనీసం అన్నం వండుకునేదాన్ని" అన్నారు. నవ్వుతూనే అన్నారు. మీ కథలో అత్తయ్యగారు ఎక్కడున్నారు వదినా? కౌంటీ హాల్లో మీరు చెప్పినప్పుడు ఆవిడ ఉన్నారా?

ఈయనా అదే చేశారు. నా నిద్ర కోసమట! నేను నిద్రపోయానట, నా ముఖంలో కళ వచ్చిందట. నన్ను అడిగారా? ఆ రోడ్డు మీద నేను వెయ్యిసార్లు కునికినా సరే, ఈయన లేని ఇంట్లో హాయిగా నిద్రపోవడం నాకు కావాలని నేను చెప్పానా? నా కోసం త్యాగం చేశానంటే నేను దణ్ణం పెట్టాలా? ఇదంతా ఈయన ముఖం మీదే అడిగాను.

కారు ఇంకా రాలేదు. సమీక్ష నడుస్తోంది. నాకు మంత్రుల మీద ఉన్న కోపం ఈయనకంటే తక్కువేం కాదు. నలుగురు రోగుల్ని ఒక కారు లేక రోడ్డున పడేశారు. ఆ కోపం చూపించడానికి ఈయనకి తన ప్రాణమే దొరికింది.

మీ మీద గౌరవం తగ్గి రాయలేదు. మీ ఫోనే ఈయన్ని నిలబెట్టింది. మీతో తప్ప ఇంకెవరితో చెప్పుకోను?

లీల

*

షాంటిలీ, వర్జీనియా
ఫిబ్రవరి 17

లీలా,

లేరమ్మా. నేను చెప్పిన కథలో అమ్మ లేదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేదు. నీ ఉత్తరం చదివాక గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. లాంతరు గుర్తొచ్చింది, విసనకర్ర గుర్తొచ్చింది. లాంతరు వెలిగించింది ఎవరో ఇప్పుడు గుర్తొచ్చింది.

వచ్చే హియరింగ్‌లో మళ్ళీ ఆ కథ చెప్పమంటున్నారు. కార్డులు పంచుతారట. పంచొద్దన్నాను. చెప్తే మొత్తం చెప్తాను, లేకపోతే ఊరుకుంటాను. సంహిత నా పక్కన కూర్చుంటానంది. ఎవరి వైపో నేను అడగలేదు.

నువ్వు నన్ను ఇంకా తిట్టాలనుకుంటే తిట్టు. ఇకమీదట ఉత్తరాలు నువ్వే రాయి. ఒట్టు కూడా తీసేద్దాం. ఫోన్‌లో ఏదైనా మాట్లాడుకుందాం. ఆరోగ్యం ఒకచోటా కోపం ఒకచోటా పెట్టబట్టే వాడు అక్కడ అబద్ధమాడి ఇక్కడ నిజం దాచాడు.

వాడిని జాగ్రత్తగా చూసుకో అని రాయబోయాను. రాయను. నిన్ను నువ్వు చూసుకో.

వదిన

*

డయాలిసిస్ వార్డు
మార్చి 11, బుధవారం

అక్కా,

ఎడంచేతికి సూదులున్నాయి. కుడిచేత్తో రాస్తున్నా. అక్షరాలు ఈసారి జారలేదు చూడు.

ఊళ్ళోవాళ్ళు వంతులేసుకున్నారు. మొన్న సోమవారం ట్రెవర్ తీసుకొచ్చాడు. దారి పొడుగునా రౌండబౌట్‌ని ఇద్దరం కలిసి తిట్టాం. శుక్రవారం ఎవరో, వచ్చే సోమవారం ఎవరో లీలకే తెలుసు. ఇలా ఎన్నాళ్ళు నడుస్తుందో తెలియదు. పెట్రోలు వాళ్ళకీ ఊరికే రాదు. ఇది ప్రభుత్వం చేయాల్సిన పని. ఆ మాట మీద నేను చచ్చేదాకా ఉంటా. ఆ మాట కోసం చావను.

ఇవాళ లీలే తీసుకొచ్చింది. పక్క కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతోంది. నర్సు లేపబోతే వద్దన్నాను. దాని చేతిలో బండి తాళాలు అలాగే ఉన్నాయి. ఇన్నేళ్ళలో దాని ముఖం ఇంతసేపు ఎప్పుడూ చూడలేదు. చాలా అలిసిపోయింది అక్కా. కళ వచ్చిందని నేనెలా రాశానో.

టౌన్‌హాల్లో వచ్చేవారం మళ్ళీ మీటింగ్. కారు గురించే. నలుగురం ముగ్గురమయ్యాం. మునగచెట్టు దగ్గరున్నప్పుడు నాకు ఫోన్ చేసినాయన పోయాడు. ఆయన పేరు చెప్పడానికైనా ఎవరో ఒకరు లేవాలి. డాక్టరు నన్ను మెట్లెక్కొద్దన్నాడు. ఆ హాలుకి మెట్లున్నాయి.

వెళ్ళనా అని లీలని అడిగాను.

ఆలోచించి చెప్తానంది.

గోపి